క్లౌడ్‌లో ఉందిగా, మనకేం భయం!

తెనాలిలో మినప్పప్పు మిల్లు, రేపల్లె దగ్గర రొయ్యల కొనుగోలు కేంద్రం, లెక్కలు చూసుకోవడానికి బాపట్లలో ఓ ఆఫీసు. ఇలా మూడు ఊళ్ళలో వ్యాపారం పెట్టుకున్న యజమానులు మన వైపు తక్కువేం కాదు. రేపల్లెలో తీసిన కాటా చీటీ ఫొటో వాట్సాప్‌లో బయల్దేరుతుంది. బాపట్ల గుమస్తా ఫోన్లో పిల్లల పుట్టినరోజు ఫొటోల మధ్య ఇరుక్కుంటుంది. మూడో రోజున తెనాలిలో ఆడిటర్ గారు "ఏదీ, నాకు రాలేదే" అంటారు. దీనికి విరుగుడు ఎవరో చెప్పే ఉంటారు: ఫైళ్ళు, క్యాలెండరు, చాటింగు, మెయిలు లాంటివి ఒకేచోట ఉండే సాఫ్ట్‌వేరు పెట్టుకోండి, నెక్స్ట్‌క్లౌడో షేర్‌పాయింటో జింబ్రానో, క్లౌడ్‌లో ఒక వర్చువల్ మెషీన్ అద్దెకి తీసుకుని అందులో ఎక్కించేయండి అని. మీరు ఎక్కించేశారు. సంతోషం. ఇక దాన్ని నడిపే పద్ధతి చెబుతాను. తు.చ. తప్పకుండా పాటిస్తే ఏడాది తిరిగేలోపు ఫలితం కనబడుతుంది.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట నోటికి రావాలి: "క్లౌడ్‌లో ఉందిగా!" ఫైలు పోతుందేమోనని గుమస్తా భయపడితే, క్లౌడ్‌లో ఉందిగా. బ్యాకప్ ఎక్కడని ఆడిటర్ గారు అడిగితే, క్లౌడ్‌లో ఉందిగా. "ఎవడో మన సర్వర్లో దూరాడంట బాబాయ్ గారూ" అని కుర్రాడు పరిగెత్తుకొస్తే, క్లౌడ్‌లో ఉందిగదరా. అద్దెకిచ్చిన కంపెనీ ఒప్పందం మాత్రం పొరపాటున కూడా చదవకండి. భవనం, కరెంటు, ఏసీలు, అసలు కంప్యూటరు, దాన్ని ముక్కలు చేసి మీకిచ్చే ఏర్పాటు, ఇంతవరకే మా పూచీ అని అందులో ఉంటుంది. మీ మెషీన్లో ఉన్న లినక్సో విండోసో మొదలుకుని సాఫ్ట్‌వేరు, పాస్‌వర్డులు, ఫైళ్ళు అన్నీ మీ పూచీయే. అమెజాను, మైక్రోసాఫ్టు, గూగులు ముగ్గురూ ఈ మాట దాచకుండానే రాసిపెట్టారు. అది చదివితే నిద్ర పట్టదు. నిద్ర పట్టని యజమాని మిల్లుకి మంచిది కాదు.

మెషీన్ ఎక్కడ, ఎంత

అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్లున్నాయి. మైక్రోసాఫ్ట్ 2015లోనే పుణె, చెన్నై, ముంబైలలో దిగింది. తెనాలి జంక్షన్లో రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగే హైదరాబాద్, చెన్నై లాంటి ఊళ్ళలో మెషీన్ దొరుకుతుంది. అయినా మీరు ఫారం తెరవగానే పైన ఏ ఊరు కనిపిస్తే దాన్నే నొక్కండి. వర్జీనియా అని ఉంటే వర్జీనియా. అమెరికా పేరు చుట్టాల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. రేపల్లె కాటా దగ్గర కుర్రాడు నొక్కిన ప్రతి బటనూ సముద్రాలు దాటి వెళ్ళి రావాలి కాబట్టి, ఈలోగా వాడికి కాస్త విశ్రాంతి కూడా దొరుకుతుంది. 2025 అక్టోబరు 20న, సరిగ్గా దీపావళినాటి మధ్యాహ్నం, ఆ వర్జీనియాలోనే అమెజాన్ పేర్ల పట్టిక ఒకటి చెడిపోయి ప్రపంచమంతటా సైట్లు, యాప్‌లు గంటల తరబడి మూగబోయాయి. అలాంటి రోజున మీ ఆఫీసూ ఆగిపోతే, ప్రపంచంతో పాటు మనమూ ఆగామన్న తృప్తి మిగులుతుంది.

సైజు విషయంలో అన్నిటికన్నా చవకది తీసుకోండి. ఈ చవక మెషీన్లకో సుగుణం ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు క్రెడిట్లు కూడబెట్టుకుని, పని పడ్డప్పుడు వాటిని ఖర్చు పెడతాయి. రాత్రంతా కూడబెట్టిన క్రెడిట్లు తెల్లవారుజామున రొయ్యల పట్టుబడి మొదలై అందరూ ఒకేసారి చీటీలు ఎక్కించేసరికి హరించుకుపోతాయి. ఆ తర్వాత కొన్ని రకాల మెషీన్లు నత్తనడక నడుస్తాయి. మరికొన్ని నెమ్మదించవు, నెలాఖరున బిల్లు పెంచుతాయి. మీది ఏ రకమో తెలుసుకోకండి. నెమ్మదించిందని ఫోనొస్తే "రీస్టార్ట్ కొట్టు" అనండి. ఎందుకు నెమ్మదించిందో చూడమనడం నామోషీ.

అన్నీ ఒకే మెషీన్లో కుక్కండి. సాఫ్ట్‌వేరు, డేటాబేసు, ఫైళ్ళు, మెయిలు, మీ కంపెనీ వెబ్‌సైటు, వీలైతే బావగారబ్బాయి నేర్చుకుంటున్న ఏదో ప్రాజెక్టు కూడా. తెనాలి నుంచి రేపల్లెకి ఒకటే రైలు పట్టా. మధ్యలో ఎక్కడ ఆగినా ఆ దారంతా ఆగినట్టే. మీ ఆఫీసుకీ అంతే సౌకర్యం కలిగించండి. డేటాబేసు వేరే మెషీన్లో, ఫైళ్ళు వేరే నిల్వలో పెట్టాలని చెప్పేవాళ్ళు అద్దెలు పెంచడానికి చెబుతున్నారని గ్రహించండి.

తాళాలు బామ్మర్దికి

ప్రతి ఇంట్లోనూ బీటెక్ పూర్తిచేసి, బెంగళూరు వెళ్ళి ఆర్నెల్లకి తిరిగొచ్చిన బామ్మర్ది ఒకడుంటాడు. "బావా, నేను చూసుకుంటాగా" అంటాడు. మెషీన్‌లో అన్ని అధికారాలూ ఇచ్చే రూట్ పాస్‌వర్డు వెంటనే అతని చేతిలో పెట్టండి. రెండోవాళ్ళెవరికీ ఇవ్వకండి. అద్దె ఖాతా అతని సొంత మెయిలుతో, అతని ఫోన్ నంబరుతో, అతని కార్డుతో తెరిపించండి. రేపు ఆస్తి పంపకాల దగ్గర ఏదైనా మాట తేడా వస్తే మీ మూడు ఊళ్ళ లెక్కలూ అతని జేబులో భద్రంగా ఉంటాయి. కంపెనీ పేరున ఖాతా, ఇద్దరు బాధ్యులు, ఫోన్లో రెండో కోడు వస్తేగాని తెరుచుకోని తాళం, ఇలాంటివన్నీ బంధుత్వం మీద నమ్మకం లేనివాళ్ళ పనులు.

పాస్‌వర్డు తేలిగ్గా గుర్తుండాలి. ఊరి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. పురుగుమందుల కంపెనీ ఇచ్చిన గోడ క్యాలెండరు మీద, ఉగాది ఉన్న పేజీలో రాసిపెట్టండి. ఏడాదికోసారి క్యాలెండరు మారినప్పుడు పాస్‌వర్డు కూడా మార్చాలేమోనన్న అనుమానం వస్తే పాత పేజీ చించి కొత్తదానికి అంటించండి.

మెషీన్‌లోకి దూరం నుంచి ప్రవేశించే పోర్టును ప్రపంచం మొత్తానికి తెరిచి ఉంచండి. మీ ఆఫీసు నెట్ అడ్రసులకి మాత్రమే తెరిస్తే బామ్మర్ది అత్తారింటికి వెళ్ళినప్పుడు ఇబ్బంది పడతాడు. క్లౌడ్‌లో కొత్త మెషీన్ మొదలైన కాసేపటికే ఎక్కడెక్కడి దేశాల నుంచో యంత్రాలు తలుపు తడుతూ, ఊరి పేర్లు, అంకెలు, ఇంటిపేర్లు వరసగా ప్రయత్నిస్తూ ఉంటాయి. లాగ్ ఫైలు తెరిచి చూస్తే పేజీలకి పేజీలు విఫలమైన ప్రయత్నాలే. మీరు ఆ ఫైలు తెరవరు కాబట్టి దిగులు లేదు. డేటాబేసు పోర్టు కూడా అలాగే తెరిచి ఉంచితే వచ్చినవాళ్ళు ఎక్కువ సేపు వెతుక్కోనక్కర్లేదు.

ఇక మనుషుల సంగతి. ఒక్కొక్కరికీ ఒక్కో లాగిన్ ఇస్తే ఎవరేం చేశారో తెలిసిపోయి ఆఫీసులో మనస్పర్థలొస్తాయి. అందరికీ కలిపి "ఆఫీస్" అని ఒకటే పెట్టండి. ఏప్రిల్‌లో ఓ ఉదయం "మినుముల కొనుగోలు" ఫోల్డరు మాయమవుతుంది. హిస్టరీ తెరిస్తే ఇలా ఉంటుంది: తొలగించినవారు, ఆఫీస్. అంతకుముందు మార్చినవారు, ఆఫీస్. దానికి ముందు పేరు మార్చినవారు కూడా ఆఫీసే. ఆఫీసుని పిలిచి మందలించండి. మానేసిన ఉద్యోగి లాగిన్ తీసేయాలన్న బెంగ కూడా ఈ పద్ధతిలో ఉండదు. నిరుడు మానేసి ఎదురు కంపెనీలో చేరినతను ఇప్పటికీ మీ ఆఫీసే.

ఫోల్డర్ల పేర్ల గురించి చిన్న మాట. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అటు వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మీ ఫోల్డర్లలో మాత్రం "గుంటూరు జిల్లా", "గుంటూరు జిల్లా పాత", "బాపట్ల కొత్త", "రేపల్లె (గుంటూరు)" అన్నీ ఉంచండి. ఎవరికి ఏ ఫోల్డరు చూసే హక్కుందో తేల్చడం మీవల్ల కాకపోతే అందరికీ అన్నీ చూపించండి.

లింకుల విషయంలో ఉదారంగా ఉండండి. రేపు నలభై కౌంటు రొయ్యకి ఎంత ధర పెట్టాలో మీరు రాత్రి తేల్చి పెట్టిన పట్టికను "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని నొక్కి పంపండి. పాస్‌వర్డు వద్దు, గడువు వద్దు. అది కమీషన్ ఏజెంటుకి, ఏజెంటు నుంచి చెరువు రైతుకి, రైతు నుంచి మీ పోటీ వ్యాపారికి తెల్లారేలోపు చేరుతుంది. అతను కిలోకి రెండు రూపాయలు ఎక్కువ పెట్టి సరుకు ఎత్తుకుపోతాడు. రైతుల ఆధార్ కాపీలు, పట్టాదారు పాస్‌బుక్ జెరాక్సులు కూడా అదే ఫోల్డర్లో ఉంచితే ఒకే లింకుతో సరిపోతుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, తగిన భద్రత చూపించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చట. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి నియమాలు వచ్చిన దగ్గర్నుంచి 18 నెలల గడువుంది. గడువుందంటే మన దగ్గర అర్థం తెలిసిందే, చివరి రోజు దాకా ఏమీ చేయనక్కర్లేదు.

బ్యాకప్, పక్కనే

అసలు విద్యంతా ఇక్కడే ఉంది కనుక కొంచెం ఓపిగ్గా వినండి.

బ్యాకప్ తీయాలి. తీయకపోతే ఆడిటర్ గారు ఊరుకోరు. కానీ ఎక్కడ పెట్టాలి? అదే మెషీన్లో, అదే డిస్కులో, "బ్యాకప్" అన్న పేరుతో ఓ ఫోల్డరు చేసి అందులో పెట్టండి. కావాల్సినప్పుడు చేతికి అందుతుంది. డిస్కు చెడితే రెండూ కలిసి చెడతాయి, దూరినవాడు ఫైళ్ళకి తాళం వేస్తే రెంటికీ కలిపే వేస్తాడు. కనీసం వేరే చోట పెట్టమని ఎవరైనా పోరితే, అదే ఖాతాలో, అదే ఊళ్ళో స్నాప్‌షాట్, అంటే డిస్కు మొత్తానికి ఆ క్షణపు నకలు, తీయండి. ఖాతా పాస్‌వర్డు దొరికినవాడు మెషీన్‌నీ స్నాప్‌షాట్‌నీ ఒకే సారి తుడిచేయగలడు, రెండుసార్లు శ్రమ పడనక్కర్లేదు.

పెద్దపెద్దవాళ్ళు ఈ దారినే నడిచారు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలి బూడిదైంది. మనుషులకేం కాలేదు. లక్షల కొద్దీ వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్ళు రెండూ పోగొట్టుకుని కోర్టుకెక్కారు. అంతకన్నా గొప్ప కథ దక్షిణ కొరియాది. వాళ్ళ ప్రభుత్వోద్యోగులు పని ఫైళ్ళు దాచుకోవడానికి జీ-డ్రైవ్ అనే ఉమ్మడి నిల్వ ఉండేది, అంటే మీరిప్పుడు పెట్టుకున్నదానికి పెద్దన్న. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలను వేరే చోటికి మార్చే పని జరుగుతుంటే మంటలు లేచాయి. జీ-డ్రైవ్‌లో ఉన్న 858 టెరాబైట్ల ఫైళ్ళు పోయాయి. బయట ఇంకో కాపీ లేదు. ఎందుకు లేదంటే, అంత పెద్దదానికి బ్యాకప్ తీయడం కష్టమని తీయలేదట. ప్రపంచంలోనే నెట్ జోరుగా ఉండే దేశాల్లో ఒకటి మన సలహా మనం చెప్పకముందే పాటించింది. మీకేం మొహమాటం?

ఇంకో రహస్యం. నెక్స్ట్‌క్లౌడ్ లాంటిదాన్ని తిరిగి నిలబెట్టాలంటే మూడు కావాలి: ఫైళ్ళుండే ఫోల్డరు, ఏ ఫైలు ఎవరిదో ఎవరితో పంచుకున్నారో రాసి ఉండే డేటాబేసు, తాళపుచెవుల్లాంటి రహస్యాలుండే కాన్ఫిగ్ ఫైలు. మూడూ ఒకే సమయానివి అయ్యుండాలి. మీరు ఫైళ్ళ ఫోల్డరు ఒక్కటీ తీయండి చాలు. చూడ్డానికి పెద్దగా ఉంటుంది, గిగాబైట్లు కనిపిస్తాయి, ఆడిటర్ గారికి చూపించవచ్చు. లేదా ఫైళ్ళు ఆదివారం, డేటాబేసు బుధవారం తీయండి. తిరిగి నిలబెట్టినప్పుడు డేటాబేసులో ఉన్న ఫైళ్ళు డిస్కులో ఉండవు, డిస్కులో ఉన్నవి డేటాబేసులో కనబడవు.

ఏం చేసినా ఒక్కటి మాత్రం చేయకండి. ఆ బ్యాకప్‌ని ఖాళీ మెషీన్‌లోకి ఎక్కించి, నిజంగా తెరుచుకుంటుందా అని ముందే చూసుకోకండి. శకునం బాగోదు. గిట్‌ల్యాబ్ అనే సంస్థ ప్రోగ్రామర్ల ఫైళ్ళకి ఉమ్మడి నివాసం. 2017 జనవరి 31 రాత్రి అక్కడ అలసిపోయిన ఇంజినీరు ఒకరు ఒక సర్వర్లో తుడవాల్సింది పొరపాటున అసలు సర్వర్లో తుడిచేశారు. ఆపేసరికి 300 గిగాబైట్ల డేటాబేసులో మిగిలింది నాలుగున్నర గిగాబైట్లు. బ్యాకప్ ఏర్పాట్లు ఒకటి కాదు, అయిదు రకాలున్నాయి. తీరా చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. రోజూ తీయాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎన్నాళ్ళుగానో విఫలమవుతోంది. విఫలమైందని మెయిల్ కూడా పంపుతోంది, ఆ మెయిళ్ళను మెయిల్ సర్వరు తిప్పికొడుతోంది. అంతకు ఆరు గంటల ముందు ఎవరో వేరే పనిమీద తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. వాళ్ళు ఆ తప్పంతా లోకానికి విడమరిచి చెప్పి, బాగుచేసే పనిని యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం కూడా చేశారు. మనకంత బడాయి అక్కర్లేదు. మన దగ్గర ఏదైనా పోతే "సర్వర్ డౌన్" అని చెబితే చాలు, రెండు వారాలు నడిచిపోతుంది.

మెయిల్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అమెజాన్ మెషీన్ల నుంచి మెయిల్ బయటికి వెళ్ళే 25వ పోర్టును మొదట్లోనే మూసి ఉంచుతారు, దుర్వినియోగం చేసేవాళ్ళ బాధ పడలేక. అడిగి తెరిపించుకోవాలి, లేదా మెయిల్ పంపే సేవని వేరుగా కట్టుకోవాలి. మీరు రెండూ చేయకండి. డిస్కు నిండిందని, బ్యాకప్ ఆగిందని, సర్టిఫికెట్ గడువు తీరబోతోందని మీ మెషీన్ రోజూ రాసే ఉత్తరాలు దాని కడుపులోనే ఉండిపోతాయి.

తుపాను వస్తే

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకి వంద కిలోమీటర్ల గాలి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు దిగి కృష్ణ ఒడ్డున కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. ఇలాంటప్పుడు సర్వరు ఆఫీసు బల్ల కింద కాకుండా హైదరాబాద్‌లోనో వర్జీనియాలోనో ఉండటం నిజంగానే మేలు. ఈ ఒక్క విషయంలో మీరు తెలియకుండానే సరైన పని చేశారు. దాన్ని పాడుచేసే మార్గం చెబుతాను. కరెంటు, నెట్ లేనప్పుడు కాటా దగ్గర ఏం చేయాలో ఎవరికీ చెప్పి ఉంచకండి. ఫోన్లలో ఆఫ్‌లైన్‌గా పనికొచ్చే కాపీ పెట్టకండి, చీటీల పుస్తకం ఉంచకండి. సర్వరు అక్కడ చల్లగా నడుస్తూ ఉంటుంది. రేపల్లెలో సరుకు ఐసు కరిగిపోతూ ఉంటుంది. రెండింటి మధ్యా టవర్‌కి డీజిల్ అయిపోయి ఉంటుంది.

అప్‌డేటుకి ముహూర్తం

తెరమీద "అప్‌డేట్ ఉంది" అని వస్తే మూఢం చూడండి. మూఢం పోతే ఆషాఢం, ఆ తర్వాత శూన్యమాసం, ఆ పైన పప్పు సీజను, ఆ పైన రొయ్యల సీజను. "నడుస్తున్నదాన్ని కెలకొద్దు" అన్న సామెత ఏ పెద్దాయన చెప్పాడో గాని ఆయనకి సర్వరు లేదు. నెక్స్ట్‌క్లౌడ్ పెద్ద వెర్షన్లని ఒక్కొక్క మెట్టే ఎక్కాలి, మధ్యలోది దాటేయనివ్వదు. ఒక్కో పెద్ద వెర్షనుకీ ఉచిత మద్దతు దాదాపు ఏడాదే. నాలుగేళ్ళు ఊరుకుంటే ఎక్కాల్సిన మెట్లు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. కింద లినక్సు పాతది, పైన నెక్స్ట్‌క్లౌడ్ కొత్త వెర్షను అడిగే పీహెచ్‌పీ భాష కొత్తది. ఆ రాత్రి బామ్మర్ది ఫోను స్విచాఫ్.

2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లకి తాళాలు వేసింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి, దెబ్బ తగిలిన జిల్లాల్లో గుంటూరు ఒకటి. అప్పటికి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ ఆ జిల్లాలోవే. ఆ కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు చాల్లేదు లోకానికి.

షేర్‌పాయింట్ వాడే పెద్దవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. 2025 జులైలో సొంతంగా నడుపుకొనే షేర్‌పాయింట్ సర్వర్ల మీద పెద్ద దాడి జరిగింది. మైక్రోసాఫ్ట్ తానే నడిపే ఆన్‌లైన్ షేర్‌పాయింట్‌కి ఏమీ కాలేదు. మీరు వర్చువల్ మెషీన్ అద్దెకి తీసుకుని అందులో షేర్‌పాయింట్ ఎక్కించుకున్నారనుకోండి. అది క్లౌడ్‌లోనే ఉంది. కానీ దాడి లెక్కలో అది సొంత సర్వరే. ప్యాచ్ మీరే వేసుకోవాలి. దొంగలు రహస్య తాళపుచెవులు ఎత్తుకుపోయే రకం కాబట్టి ప్యాచ్ ఒక్కటే వేస్తే సరిపోదు, ఆ చెవులు కూడా మార్చాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మొదట్లో నేర్చుకున్న మాటని ఇక్కడ గట్టిగా రెండుసార్లు అనండి. 2016, 2019 షేర్‌పాయింట్లకి 2026 జులై 14తో మద్దతు ముగింపు. ఆ తేదీని క్యాలెండరు మీద పాస్‌వర్డు పక్కన రాసుకోవచ్చు, రాసుకున్నాక మర్చిపోవచ్చు.

డిస్కు నిండిన రోజు

ఎవరికీ కోటా పెట్టకండి. రేపల్లె కుర్రాడు ఒక్కో చీటీకి మూడేసి ఫొటోలు తీస్తాడు, ఫొటో నాలుగు మెగాబైట్లు. తెనాలిలో మిల్లు సీసీ కెమెరా రికార్డింగులు కూడా ఎవరో అందులోకే తోస్తారు. తుడిచినవి చెత్తబుట్టలో కొన్నాళ్ళుంటాయి, మార్చిన ఫైలుకి పాత కాపీలుంటాయి, పక్కనే మన "బ్యాకప్" ఫోల్డరు రోజుకొక్కటి చొప్పున లావెక్కుతూ ఉంటుంది. ఓ శనివారం మధ్యాహ్నం నూటికి నూరు శాతం నిండుతుంది. డేటాబేసుకి ఒక్క అక్షరం రాసుకునే చోటు లేక ఆగిపోతుంది. కాటా దగ్గర ఫోన్లో చక్రం తిరుగుతూ ఉంటుంది, లారీవాడు హారన్ కొడుతూ ఉంటాడు.

అప్పుడు ఏం తుడవాలి? లాగ్ ఫైళ్ళు. అవి ఎవరూ చదవరు కదా. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ వారు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశంలో లాగ్‌లు 180 రోజులు దాచాలని, సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో తమకి చెప్పాలని, సర్వర్ గడియారాలు సరైన సమయానికి కలిపి ఉంచాలని రాశారు. ఆరు గంటలంటే బామ్మర్ది ఫోనెత్తడానికి పట్టే సమయం. లాగ్‌లు తుడిచేశారు కాబట్టి దాడి జరిగిందో లేదో తేల్చలేరు. తేల్చలేనిదాన్ని చెప్పాల్సిన పని లేదని మీ ప్లీడరు గారు అంటారేమో అడిగి చూడండి.

బిల్లు

బిల్లు మొహం చూడకండి. వాడటం మానేసి "ఆపేసిన" పాత మెషీన్ డిస్కుకి అద్దె పడుతూనే ఉంటుంది. బయటి ప్రపంచానికి కనిపించే ప్రతి ఐపీ అడ్రసుకీ అమెజాన్ 2024 ఫిబ్రవరి 1 నుంచి గంటకి అర సెంటు తీసుకుంటోంది, నెలకి మూడున్నర డాలర్ల పైమాటే. లోపలికి వచ్చే డేటా ఉచితం, బయటికి వెళ్ళేది మీటరు. అందరి ఫోన్లలోనూ పెద్ద వీడియోలు దిగేలా పెట్టండి. పైన 18 శాతం జీఎస్టీ.

కార్డు బామ్మర్దిది అనుకున్నాం కదా. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం నెలనెలా దానంతటదే కట్టే మొత్తం 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ అతని ఫోనుకి వస్తుంది. అతను ఆ రోజు సూర్యలంక బీచ్‌లో స్నేహితులతో ఉంటాడు, ఫోను కారులో. బిల్లు కట్టలేదన్న మెయిళ్ళు అతని పాత మెయిలుకి వెళ్తాయి. గడువు మీద గడువు ఇచ్చి, చివరికి క్లౌడ్ కంపెనీ మెషీన్ ఆపేస్తుంది. ఇంకొన్నాళ్ళు ఆగి ఖాతా మూసేస్తుంది. మూశాక డిస్కులు, స్నాప్‌షాట్లు, "బ్యాకప్" ఫోల్డరు అన్నీ ఒకే పద్ధతిలో వెళ్ళిపోతాయి. ఏ దొంగా దూరనక్కర్లేదు, ఏ బ్యాటరీ అంటుకోనక్కర్లేదు.

అటకమీద పాత ఆవర్జాలు, చిట్టా పుస్తకాలు ఇంకా మిగిలుంటే పాత పేపర్లవాడికి అప్పుడే తూకానికి వేయకండి. ఈ సలహాలన్నీ పాటించాక ఆడిటర్ గారికి చూపించడానికి మీ దగ్గర మిగిలేవి అవే.